ఆదివారం పాట ఎత్తిన గొంతు

మా అంగన్‌వాడీకి వచ్చే తల్లులకి నేనంటే కాస్త జంకు. బిడ్డకి జ్వరమొస్తే గాలి సోకిందంటూ తాయెత్తు కట్టించుకొస్తారు. తాయెత్తు సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి నడవండి అని నేను కసురుతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే వరస. ఫలానా చోట దయ్యం ఉందని ఎవరైనా అంటే, అది నాకెందుకు ఎదురు పడదో కనుక్కురమ్మని నవ్వేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

మాది మార్కాపురం నుంచి ఆటోలో అరగంట ప్రయాణం చేస్తే వచ్చే ఊరు. మా ఆయన పేరు దేవదానం. పలకల క్వారీలో రాయి చీల్చేవాడు. మీసాలు మొలవకముందు నుంచీ ఆ దుమ్ములోనే బతికాడు. ఆదివారం మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని మా చర్చిలో పాట ఎత్తేవాడు.

మా చర్చిలో చదువు రాని పెద్దవాళ్ళే ఎక్కువ. పుస్తకం చూసి పాడేవాళ్ళు తక్కువ. ఒకరు లేచి ఒక లైను ఎత్తితే, మిగతావాళ్ళం అదే లైను అందుకుంటాం. ఆయన ఆగి, మేము పాడాక, రెండో లైను ఎత్తుతాడు. పాటంతా ఇలాగే సాగుతుంది. ఆయనకు ముందు వాళ్ళ నాన్న ఎత్తేవాడు.

ఆయన చేసే తప్పు ఒకటుండేది. మొదటిసారి మరీ పైన ఎత్తుకునేవాడు. ఆడవాళ్ళకి ఆ గొంతు అందదు. సగం లైనులో తనకే తెలిసొచ్చి ఆపేసి, గొంతు సవరించుకుని, మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టేవాడు. ఒక్క ఆదివారం కూడా ఇది తప్పేది కాదు.

"ఏందయ్యా, ఆకాశంలో ఎత్తుకుంటావు? మేమంతా నిచ్చెనేసుకొని ఎక్కాల్నా?" అని ఇంటికొచ్చాక ఆట పట్టించేదాన్ని.

"వచ్చేవారం చూడు, ఎట్ల ఎత్తుతానో" అనేవాడు. వచ్చేవారం మళ్ళీ అదే.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆయనకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఊళ్ళో ఆర్ఎంపీ ఐదు రోజులకి మాత్రలిచ్చాడు. మూడో రోజుకే జ్వరం దిగింది. మిగిలిన మాత్రలు మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తాయని డబ్బాలో దాచాను. మా ఇళ్ళల్లో అందరం చేసేది అదే. తల్లులకి కోర్సు పూర్తిగా వేయండని పాఠం చెప్పే నేను కూడా అదే చేశాను.

వారం తిరక్కుండా ఆయాసం మొదలైంది. మార్కాపురంలో చూసి గుంటూరు తీసుకెళ్ళమన్నారు. అక్కడొక పెద్దాసుపత్రిలో చేర్చిన రోజే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ మీద పెట్టారు.

మొదటి వారం కొంచెం తేరుకున్నాడు. రెండు మూడు రోజుల్లో మిషన్ తీసేయవచ్చని కూడా అన్నారు. తొమ్మిదో రోజు మళ్ళీ జ్వరం వచ్చింది. కఫం చిక్కగా, రంగు మారి రావడం మొదలైంది. డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. నన్ను పక్కకు పిలిచి ఒక రిపోర్టు చూపించింది.

"మిషన్ మీద ఎక్కువ రోజులు ఉన్నవాళ్ళకి ఇలా కొత్తగా న్యుమోనియా పట్టుకుంటుందమ్మా. ఈ బాక్టీరియా మామూలు మందులకు లొంగేది కాదు" అంది.

నాకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. కాగితం మీద వరసగా మందుల పేర్లు, ఒక్కోదాని పక్కన ఆర్ అనే అక్షరం. ఆ అక్షరం ఉంటే ఆ మందు పనిచేయదని అర్థమట. పై నుంచి కింద దాకా అదే అక్షరం. ఒక్క మందు పక్కన మాత్రం వేరే అక్షరం ఉంది. అదొక్కటే దిక్కు. అది కిడ్నీలను దెబ్బతీసే మందని కూడా చెప్పింది.

డబ్బాలో దాచిన మాత్రల సంగతి నేనే ఆమెకు చెప్పేశాను. దానివల్లే ఇది వచ్చిందని చెప్పలేమని, ఇది ఎక్కువగా ఆసుపత్రుల్లోనే పట్టుకునేదని అంది. ఇక మీదట మాత్రం మందులు సగంలో ఆపవద్దంది. ఆ డబ్బా ఇప్పటికీ నా కళ్ళ ముందు నుంచి పోదు.

రెండు వారాలు దాటాక నోట్లోని గొట్టం తీసి, మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి అక్కడ అమర్చారు. మనిషి ముఖం మళ్ళీ కనిపించింది. స్పృహలోనే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టాడు. కానీ మాట రాదు. గాలి గొంతు దాకా రాకుండా మెడలోంచే వెళ్ళిపోతుందని నర్సు చెప్పింది. ఆ బాక్టీరియా పక్క మంచాలకు పాకకూడదని ఆయన్ని అద్దాల గదిలోకి మార్చారు. పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు బయట నిలబడి చూడటమే.

ఆయన బతకడేమోనని అప్పటికే నాకు లోపల తెలుస్తోంది. నేను కోరుకున్నది ఒక్కటే, ఆయన గొంతు ఒక్కసారి వినాలి. ఆసుపత్రి తలుపు దగ్గర స్ట్రెచర్ మీద నుంచి నాతో అన్న ఆఖరి మాట "చెప్పులు చూసుకో" అని. విడిచిన చెప్పులు ఎవరైనా ఎత్తుకుపోతారని. ముప్పై ఏళ్ళు కాపురం చేసి నాకు మిగిలింది ఆ మాటా? దాని తర్వాత ఇంకేదైనా ఒక మాట కావాలి. తిట్టినా సరే.

అది ఆదివారం. పదిన్నర దాటాక నన్ను అద్దం దగ్గరికి పంపారు. గోడ మీద పెద్ద గడియారం ఉంది కాబట్టి నాకు టైము బాగా గుర్తు.

ఆయన నన్ను చూసి పెదవులు కదిపాడు. కాస్త కదిపి, ఆపి, గుటక వేసి, మళ్ళీ కదిపాడు. తర్వాత ఆగి ఆగి కదుపుతూనే ఉన్నాడు. నీళ్ళు అడుగుతున్నాడనుకున్నాను. రెండు రోజులుగా అదే అడుగుతున్నాడని, ఇస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని నర్సు ముందే చెప్పింది. అందుకని అద్దం మీద వేలితో తట్టి, వద్దని చెయ్యి అడ్డంగా ఊపాను. ఆయన ఆపలేదు. మళ్ళీ ఊపాను. అప్పుడు ఆపేసి, కాసేపు నన్నే చూసి కళ్ళు మూసుకున్నాడు. పదీ నలభై మూడుకి టైమైపోయిందని నన్ను పంపేశారు.

మంగళవారం పొద్దున ఆయన పోయాడు.

ఊరికి తెచ్చి మట్టి చేశాం. మర్నాడు మా ఇంట్లో ప్రార్థన అయ్యాక మరియమ్మ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో చాప వేసుకునేది ఆమే.

"రూతూ, మొన్న ఆదివారం దేవదానం పాటెత్తినాడు. నేను ఒక్కదాన్నే కాదు, అందరం విన్నాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. ముసలామె, దుఃఖంలో ఏదో అంటోందని సరిపెట్టుకుని పాస్టరుగారి వంక చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"నిజమేనమ్మా" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. దేవదానం ఆసుపత్రికి వెళ్ళినప్పటి నుంచి పాట వేళకు ఎవరూ లేచేవారు కాదు. కాసేపు చూసి పాస్టరుగారే ఎత్తేవాడు. ఆ ఆదివారం ఆయన నోరు తెరిచేలోపే మగవాళ్ళ వైపు నుంచి పాట లేచింది. మరీ పైన లేచింది. సగంలో ఆగింది. గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. మళ్ళీ కింద నుంచి మొదలైంది. ఆడవాళ్ళు అందుకున్నారు.

"భయమేయలేదా?" అని అడిగాను.

"పాడేటప్పుడు ఏం భయమమ్మా, అలవాటుగా పాడినాం" అంది మరియమ్మ పెద్దమ్మ. "నాలుగో లైను ఎత్తినట్లే ఎత్తి ఆగిపోయినాడు. ఎంతసేపు చూసినా మళ్ళీ ఎత్తలేదు. అప్పుడు తిరిగి చూస్తే ఆడ ఎవరూ లేరు. అప్పుడు భయమేసింది."

నేను ఒక్కొక్కరినీ విడివిడిగా పోలీసులాగా ప్రశ్నించాను. అరవై మంది దాకా ఉన్నారు ఆ రోజు. చిన్న చిన్న తేడాలు తప్ప అందరూ అదే చెప్పారు. అందరికీ ఆయన మీద బెంగ, అందుకే అలా అనిపించి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాను. గొట్టం పక్కనుంచి గాలి లీకైతే ఒక్కోసారి రోగికి కొద్దిగా శబ్దం రావచ్చంది. వస్తే ఆ గదిలో రావాలి. గుంటూరెక్కడ, మా ఊరెక్కడ?

పాస్టరుగారి అమ్మాయి షారోను, హైదరాబాదుకు పనికి పోయిన మావాళ్ళ కోసం ప్రతి ఆదివారం ఆరాధన ఫోన్లో రికార్డు చేస్తుంది. ఆ రోజుది కూడా ఉంది. పాట వేళ ఎంతో లెక్క కట్టి చూశాం. పదీ నలభైకి మొదలైంది. పదీ నలభై మూడు కాకముందే ఆగిపోయింది.

ఆ టైము చూశాక, అద్దం ముందు వద్దని ఊపిన నా చెయ్యి గుర్తొచ్చింది. ఆయన నీళ్ళు అడగలేదు. ఈ సంగతి ఇంతవరకూ మా ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నేమీ అనరు, జాలి పడతారు. అది నాకు వద్దు.

రికార్డింగులో ఆయన గొంతు లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు, ఎవరో పసిబిడ్డ ఏడుపు. ఎవరూ పాడరు. ఉన్నట్టుండి ఆడవాళ్ళందరూ ఒకే గొంతుతో, ఒకే శ్రుతిలో మొదటి లైను అందుకుంటారు. మళ్ళీ ఫ్యాను చప్పుడు, సరిగ్గా ఒక లైను పాడేంతసేపు. మళ్ళీ ఆడవాళ్ళు. మూడుసార్లు ఇలా జరుగుతుంది. నాలుగోసారి ఫ్యాను చప్పుడు తర్వాత ఎవరూ అందుకోరు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. నేను చూశాను, వాళ్ళు విన్నారు. ఆ రెండిటినీ ఎవరు విడదీశారో, ఎందుకు విడదీశారో ఎంత ఆలోచించినా అంతు దొరకదు. మా ఊళ్ళో కొందరు ఇప్పటికీ ఆ ఆదివారం తలుచుకుని భయపడతారు. నాకు వాళ్ళమీద అసూయ. అరవై మంది చెవుల్లో పడ్డ గొంతు, నా ఒక్కదాని చెవిన పడలేదు.

ఆ రికార్డింగు నా ఫోన్లో పెట్టుకున్నాను. పొద్దున వంట చేసుకుంటూ పెడతాను. ఆ మూడు లైన్లు నాకు బాగా వచ్చు, నాలుగోదీ వచ్చు, కానీ నేను పాడను. ఎవరూ పాడని చోటు వచ్చినప్పుడల్లా స్టవ్ ఆపేసి నిలబడతాను.