చదివి పెట్టు సంతకం

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. సిమెంటు లారీ వచ్చింది. బస్తాలు తడవకుండా పట్టా కప్పి ఒక్కొక్కటే దించుతున్నారు, నేను చిట్టీ మీద లెక్క రాస్తున్నాను. సగం లోడు దిగేసరికి మా యజమాని పోయారని వాళ్లింటి నుంచి ఫోను వచ్చింది. మిగతా సగం కూడా దింపించాను. సరుకు వానకు వదిలేసి వెళ్తే ఆయనే తిట్టేవారు.

మీలో ఎవరైనా అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకొని ఉంటే ఆయన దుకాణం చూసే ఉంటారు. సొంత చేలు కాలనీలైపోయాక అదే ఊళ్లో సిమెంటు, ఇటుక, ఇనుము అమ్మారు. మేమంతా పటేలా అని పిలిచేవాళ్లం. దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. సరుకు తీసుకునే మనిషి చిట్టీని పైకి చదివి, తరువాతే సంతకం పెట్టాలి. చదువు రాని వాళ్లకు ఆయనే చదివి వినిపించేవారు.

“రెండు బస్తాలకు గూడ హరికథ చెప్పాల్నా పటేలా?” అని మేస్త్రీలు నవ్వేవారు.

“చెప్పు, కూసొని ఇంట. చదివి పెట్టు సంతకం.”

మధ్యాహ్నం ఆయనా నేనూ బస్తాల మీద కూర్చొని తినేవాళ్లం. డబ్బా మూతలో ఒక జొన్నరొట్టె, ఇంత పచ్చిమిరప తొక్కు పెట్టి నా వైపు జరిపేవారు. తినేటప్పుడు మాట్లాడేవారు కాదు.

ఒకసారి వనస్థలిపురానికి ట్రాలీలో సరుకు తీసుకెళ్తుంటే, ఎల్బీనగర్ దగ్గర ఒక టిప్పర్ వెనక్కి వచ్చి నా ఎడమకాలు నలిపేసింది. తప్పు టిప్పర్‌దే. దవాఖాన ఖర్చు పటేలే భరించారు. పనిలో తగిలిన దెబ్బ కాబట్టి చట్టప్రకారం నాకు రావలసిన పరిహారమూ కట్టారు. అదంతా టిప్పర్ యజమాని నుంచి రాబట్టుకునే హక్కు ఆయనకు ఉందని సైదాబాద్‌లో ఉండే ఆయన లాయరు చెప్పాడు. పటేల్ నా మంచం పక్కన నిలబడి ఒక్క మాటే అన్నారు.

“వాని దిక్కు నుంచి ఎవరన్న వస్తే ముందుగాల నాకు చెప్పు.”

వచ్చారు. నేను చెప్పలేదు.

చెబితే వాళ్లు ఇచ్చేదాంట్లోంచి తన ఖర్చు కోసుకుంటారని భయపడ్డాను. రోజూ రొట్టె పెట్టిన మనిషి గురించి అలా అనుకున్నాను. టిప్పర్ వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక హోటల్లో చాయ్ తాగించి, డబ్బు కవరు చేతిలో పెట్టి, స్టాంపు కాగితం ముందుకు జరిపారు. ఏళ్ల తరబడి చిట్టీలు పైకి చదివించినవాణ్ని. ఆ ఒక్క కాగితం చదవకుండా సంతకం పెట్టాను.

లాయరు టిప్పర్ యజమానికి నోటీసు పంపితే, జవాబుతో పాటు ఆ కాగితం నకలు వచ్చింది. పటేల్ నన్ను పిలిచి చేతికిచ్చారు.

“చదువు.”

చదివాను. నాకు గాని, నా కోసం ఖర్చుపెట్టిన నా యజమానికి గాని ఇక రావలసింది ఏమీ లేదని ఉంది.

“నా సంతకం గూడ నువ్వే పెట్టినవన్నట్టు. మంచిగున్నది.”

లాయరు నా ముందే అన్నాడు: “ఇతని సంతకం మీకు వర్తించదండి. టిప్పరాయన మీద కేసు వేద్దాం. లేదంటే ఇతను తీసుకున్నదాంట్లోంచే అడగండి. హక్కు మీదేగా.”

“హక్కు యాడికి పోతది? ఉండనీ,” అని కాగితాన్ని సొరుగులో పెట్టారు.

కేసు వేయలేదు. నన్ను ఇమ్మనలేదు, మాఫీ అని కూడా అనలేదు. ఇక బరువులు ఎత్తలేనని చిట్టీల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు. కాని మరునాటి నుంచి తన డబ్బా లోపలి గదిలో విప్పుకున్నారు. గోడకు అటు ఆయన, ఇటు నేను. ఆయన పోయేదాకా అలాగే తిన్నాం.

ఒకసారి కొంత డబ్బు కూడబెట్టి పట్టుకెళ్లాను. కవరు వైపు చూడనైనా చూడలేదు.

“పైసలు నేనడిగిన్నా? నాకెందుకు చెప్పలేదో గది రాస్కొని రా. వచ్చి చదువు.”

రాయలేకపోయాను. ‘మిమ్మల్ని నమ్మలేదు’ అని రాయాలి, అంతే. రోజూ చిట్టీలు రాసే చేయి దానికి మాత్రం లేవలేదు. రేపు రేపు అనుకుంటూ గడిపాను.

ఆయన పోయిన రోజు లోడు దిగాక ఒక చిట్టీ వెనక ఆ మాట రాసి, జేబులో పెట్టుకొని వాళ్లింటికి వెళ్లాను. ఆయన కొడుకును పక్కకు పిలిచి టిప్పర్ కాగితం సంగతి ఎత్తాను.

“ఏ కాగితం కాకా? నాయిన మాకెన్నడు చెప్పలే. నీ కాలు ఇరిగినప్పుడు మస్తు పరేషానైండు, గంతే ఎరుక.”

ఇంట్లో ఎవరికీ తెలియదు.

మరునాడు శ్మశానంలో కూడా వాన తగ్గలేదు. చితి మీది రేకుల కప్పు ఒకటే మోత. లాయరు ఒంటిగంటకు వెళ్లిపోయాడు. చుట్టాలు ఒకటిన్నరకు, కొడుకు రెండింటికి. అప్పుడు చితి ముందు నిలబడి చిట్టీ తీసి పైకి చదివాను. చదివి సంతకం పెట్టాను. నేను మూడున్నరకు వెళ్లిపోయాను.