హాన్ అంకుల్ దాటిన గడప

ఈ సంగతి నాన్నకు కూడా ఇంతవరకు చెప్పలేదు. డైరీలో మాత్రం ఆ రోజే రాసుకున్నాను. దెయ్యాలు నాకు పుస్తకాల్లోనే ఇష్టం. బయట ఉంటాయని ఎప్పుడూ నమ్మలేదు.

ఫిజీలో సైన్యం తిరుగుబాటు చేశాక మేం సిడ్నీ వచ్చేశాం. అక్కడ సొంత వడ్రంగి షాపు నడిపిన నాన్న ఇక్కడ ఫ్యాక్టరీలో పెట్టెలు మోసేవాడు. మా ఇంటి వెనక సందులో కొరియా నుంచి వచ్చిన హాన్ అంకుల్, ఆంటీ ఉండేవారు. దూరంగా రైలు వెళ్తే తప్ప ఆ సందులో చప్పుడుండదు. రెండు కర్ర తలుపులు, పైన నల్ల పెంకుల చూరు, అచ్చం తమ ఊళ్లోలాంటి వాకిలి సందువైపు పెట్టించుకోవాలని అంకుల్ కోరిక. ఆ పని నాన్నకిచ్చారు. ఈ దేశంలో నాన్న పేరు నిలిచినా పోయినా దానితోనే.

అంకుల్ బొమ్మ గీసిచ్చారు గానీ గడప ఎత్తు చెప్పలేదు. మనలాగే వాళ్లూ గడప తొక్కరు, దాటుతారు. ఆ ఎత్తు కాలికే తెలుస్తుందట. గుండె ఆపరేషన్‌కు వెళ్తూ, "వచ్చాక దాటి చూపిస్తా. అప్పటిదాకా గడప పెట్టొద్దు" అన్నారు. మోకాళ్ల నొప్పులతో ఆయన చేతికర్ర లేనిదే అడుగు వేయలేరు.

ఒకరోజు నాలుగింటికి, ఎండ ఇంకా ఉండగానే యూనివర్సిటీ నుంచి ఆ సందులో వస్తున్నాను. ముందు అంకుల్ నడుస్తున్నారు. చేతిలో కర్ర లేదు. గడప ఇంకా పెట్టని ఆ వాకిట్లో, ఉత్త నేల మీద, పిక్క సగం దాకా కాలెత్తి దాటారు. రెండో కాలూ అంతే ఎత్తారు. ఇంటికొచ్చేశారన్నమాట అనుకున్నాను. పలకరించడానికి బిడియపడి వెళ్లిపోయాను.

సాయంత్రం ఫోనొచ్చింది. ఆయన మధ్యాహ్నమే ఆసుపత్రిలో పోయారు.

అంత్యక్రియలయ్యాక ఆంటీ సన్నీబ్యాంక్ అనే దూరపు ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లారు. తిరిగొచ్చేలోపు వాకిలి పూర్తి చేయాలని నాన్న పంతం.

"ఏడుస్తున్న మనిషిని గడప ఎంతెత్తని ఎట్లా అడగనే?"

నేను నా కాలి మీద చెయ్యి పెట్టి చూపించాను. "ఇంత పెట్టు నాన్నా."

"నీకెలా తెలుసు? లైబ్రరీ బుక్‌లో చూశావా?"

నేను కొలత టేపు తీసి ఆయన చేతికిచ్చాను.

"మొత్తానికి పుస్తకాల పురుగు కర్రలోకి దిగింది!" అని నవ్వి రంపం అందుకున్నాడు.

ఆంటీ వచ్చిన రోజు సందులో మేమూ నిలబడ్డాం. ఆవిడ కిందికి చూడకుండానే కాలెత్తి దాటారు. కాలు తగల్లేదు. మళ్లీ బయటికి, మళ్లీ లోపలికి. ఏడుస్తూనే నవ్వి, తనకొచ్చిన కాస్త ఇంగ్లీషులో, "మా ఇల్లు. మా ఇల్లే" అన్నారు.

"హైట్ మా అమ్మాయి చెప్పింది!" అన్నాడు నాన్న. ఫిజీ వదిలాక ఆయన అంత నిటారుగా నిలబడటం అప్పుడే చూశాను. నలుగురిలో నా పేరెత్తితే తలొంచుకునే నేను ఆ రోజు వంచుకోలేదు. ఆ వాకిలి చూసి ఇంకొందరు పనికి పిలిచారు. నాన్న ఫ్యాక్టరీ మానేశాడు.

కళ్లు మోసం చేశాయనుకుందామంటే ఆ గడప ఉంది, కాలు తగలని ఆ ఎత్తూ ఉంది. దీనికి కారణం నాకు ఇప్పటికీ దొరకలేదు.

మరుసటి ఏడు ఆంటీ కొడుకు దగ్గరే ఉండటానికి వెళ్లిపోయారు. టాక్సీ ఎక్కేముందు నన్ను గడప దగ్గరికి తీసుకెళ్లి, నా చెయ్యి పట్టుకుని, నాన్నకు వినబడనంత మెల్లగా అడిగారు. ఆవిడ నాతో అన్న చివరి మాట అదే.

"ఇది దాటినప్పుడు ఆయన చేతిలో కర్ర ఉందా?"