గురి

ఏలూరులో బస్సు కిటికీలోంచి సీటు కోసం రుమాలు విసిరితే ఓ పెద్దాయన ఒళ్లో పడింది. నా గురి అలాంటిది. ఆయనే జరిగి చోటిచ్చారు.

ఫోన్‌లో ముసుగు విలుకాడి సీరియల్ పెట్టాను. దొంగల మీదికి వాడు వింటినారి లాగగానే పెద్దాయన వేలితో తెర నొక్కి ఆపేశారు.

"ఏమండీ, నచ్చలేదాండీ?"

"చేపల చెరువు కాపలా అండీ నాది. గూడకొంగను బెదిరిద్దామనే ఉండేలుతో మట్టి ఉండ వేశానండీ. తలకి తగిలి ప్రాణం పోయింది. దాని జోడు రోజూ గట్టు మీదికొచ్చి నిలబడుతుందండీ. డబ్బా వాయించినా ఎగరదు."

కైకలూరులో దిగుతూ రుమాలు మడిచి నా చేతిలో పెట్టారు.

"మీ గురి ఇలాగే ఉండనివ్వండి."

ఆ విలుకాడు నా ఫోన్‌లో ఇంకా వింటినారి లాగి పట్టుకునే ఉన్నాడు. నేనే బాణం వదలనివ్వలేదు.