సెన్సర్‌కు కనిపించని పాఠకులు

రాష్ట్రం విడిపోయిన కొన్నేళ్లకు, నా ఉద్యోగ విరమణ దగ్గరపడుతున్న రోజుల్లో, నన్ను పురపాలక ఇంజనీరింగ్ విభాగంలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా ప్రొద్దుటూరుకు వేశారు. నాది ఎలక్ట్రికల్ పని. జమ్మలమడుగు, పులివెందుల కూడా నా పరిధిలోనే ఉండేవి. చేరిన కొత్తలోనే ఈ మూడు ఊళ్ల ప్రభుత్వ భవనాలకు సెన్సర్లు బిగించే పని నాకు అప్పగించారు.

విధానం తేలికైనదే. గది పైకప్పుకు గుప్పెడంత తెల్లటి డబ్బా బిగిస్తాం. ఒంటి వేడి ఉన్న ప్రాణి ఏదైనా కదిలితే అది పసిగడుతుంది. కాసేపు కదలిక లేకపోతే లైట్లు, ఫ్యాన్లు ఆపేస్తుంది. ఆ సమాచారం పై కార్యాలయంలోని తెరకు చేరుతుంది. వాడకంలో ఉన్న భవనం అక్కడ పచ్చగానూ, లేనిది ఎర్రగానూ కనిపిస్తుంది. దేన్ని ఉంచాలో దేన్ని మూయాలో ఇకమీదట ఆ రంగులే చెబుతాయని శిక్షణలో అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

మే నెలలో రంగులు మాట్లాడటం మొదలుపెట్టాయి. మూడు ఊళ్లలోకీ వాడకం ఎక్కువున్న భవనం పులివెందులలోని ఒక పాత గోడౌన్ అని తేలింది. అందులో పావురాలు కాపురముంటున్నాయి. జమ్మలమడుగు పఠన మందిరం మాత్రం ఎర్రబడింది. దాన్ని మూసి, గదిని వేరే శాఖకు ఇచ్చేయవచ్చునా అని పైనుంచి నా అభిప్రాయం అడిగారు.

మధ్యాహ్నం పూట వెళ్లి చూశాను. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. పోటీ పరీక్షలకు చదివే ఆడపిల్లలు, మగపిల్లలు. ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. ఉన్నట్టుండి ఒకతను లేచి, డబ్బా కిందికి వెళ్లి తువ్వాలు గిరగిరా తిప్పాడు. ఫ్యాన్లు తిరిగాయి. అతను వచ్చి మళ్లీ పుస్తకం తెరిచాడు. ఎవరూ తలెత్తలేదు.

"వంతులేసుకున్యారు సార్," అన్నాడు అటెండరు ఓబులేసు. "పాపం, చదివేటోళ్లు కదలరు. కదలకుంటే అది పలకదు."

ముందు బెంచీలో ఉన్న షాహీన్ అనే అమ్మాయి లేచి వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆమె టీచరు పరీక్షకు చదువుతోంది. "మేమింతమంది ఉండాం. లేమంటాదేంది సార్ ఈ డబ్బా? ఇంట్లో కుట్టుమిషన్ల మోత. ఇది గూడా మూసేస్తే నేను యాడ చదువుకోవాల?" అంది.

కారణం నాకు అర్థమైంది. ఆ సెన్సర్ ఒంటి వేడికీ గది వేడికీ మధ్య తేడాను చూస్తుంది. ఏసీ గదుల్లో అది చక్కగా పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం జమ్మలమడుగులో మనిషీ గోడా దాదాపు ఒకే వేడిమీద ఉంటాయి; పెద్ద కదలికైతే తప్ప దానికి అందదు. పైగా చదివే మనిషి కదిలేది పేజీ తిప్పేటప్పుడే. వేరే రకం సెన్సర్ పెట్టాలనీ, అంతవరకు మామూలు స్విచ్చులు అనుమతించాలనీ నివేదిక పంపాను. సెన్సర్ లెక్కను చేత్తో మార్చడం కుదరదని జవాబు వచ్చింది. పాఠకులు తగినంత కదిలేలా వారికి అవగాహన కల్పించమన్నారు.

ఇక మా సూపరింటెండింగ్ ఇంజనీరు గారినే తనిఖీకి రమ్మని కోరాను. మా విభాగంలో నాకు రెండు మెట్లు పైన ఉండే అధికారి ఆయన. వచ్చి, పాఠకుల మధ్య కుర్చీలో కూర్చుని, ఫోన్‌లో ఆ రంగుల తెర తెరిచారు. కాసేపటికి ఫ్యాన్లు ఆగాయి. ఆయన తలెత్తకుండానే, "చూశారా, ఇప్పుడు కూడా ఎవరూ లేరనే చూపిస్తోంది," అన్నారు.

"అట్లయితే మీరు గూడా లేరు సార్," అంది షాహీన్ పుస్తకంలోంచి చూపు తిప్పకుండా.

గదంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ కదలికకు ఫ్యాన్లు తిరిగాయి. ఆయన నవ్వలేదు. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ చాలాసేపు పైకప్పు వైపు చూశారు.

సెన్సర్ తప్పు చూపిందని ఆయన రాయలేరు. బిగింపు సంతృప్తికరమని ధ్రువీకరించింది ఆయనే. అందుకని ఇంకో దారి పట్టారు. తెరమీద ప్రతి భవనానికీ ఒక తరగతి ఉంటుంది. పాత ఫైళ్లు దాచే రికార్డు గదులు ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి కాబట్టి వాటికి ఎరుపు రాదు, స్విచ్చులూ మామూలువే. పఠన మందిరాన్ని ఆ తరగతిలోకి మార్చారు. మూసివేత ప్రతిపాదన తనంతట తానే పోయింది. ఆ వారమే నేను స్విచ్చులు బిగించాను. గోడౌన్‌కు మాత్రం ఆ ఏడాది ఉత్తమ వినియోగానికి ప్రశంసాపత్రం వచ్చింది. పావురాల తరఫున నేనే వెళ్లి తీసుకున్నాను.

షాహీన్ రెండో ప్రయత్నంలో ఎంపికైంది. మైదుకూరు దగ్గర బడి ఇచ్చారు. "మన రికార్డు గదిలోంచి ఒక టీచరమ్మ బయటికొచ్చింది సార్!" అని ఓబులేసు ఫోన్ చేశాడు.

ఆ పరికరంలో లోపమేమీ లేదు. అది చెప్పింది కదలిక గురించి. దాన్ని మనుషుల లెక్కగా చదువుకున్నది మేము. ఆ తర్వాత ఏ భవనంలోనైనా జనం ఏం పని చేస్తారో ఒక పూట కూర్చుని చూశాకే సెన్సర్ రకం నిర్ణయించాను. తెరమీద 'వాడకం' అన్న మాట తీసి 'కదలిక' అని పెట్టమని కూడా రాశాను. పరిశీలిస్తున్నామని నేను ఉద్యోగ విరమణ చేసేవరకూ జవాబిస్తూనే ఉన్నారు.