బోణీ ముక్క

తెనాలిలో పాతఇనుము కొట్టు నడిపే మా బావ బాజీ పొద్దున్నే వచ్చిన మొదటి సరుకును ఏనాడూ వెనక్కి పంపడు. తుప్పు మేకుల మూట తెచ్చినా బోణీ బేరం కాదనకూడదట. అంతటితో ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు! ఆ సరుకులోంచి చిన్న ముక్క ఏరి చొక్కా జేబులో వేసుకుంటాడు. నచ్చిందంటే వారాల తరబడి అక్కడే ఉంటుంది.

"బోణీ గుండె దగ్గరుంటేనే బేరం నడుస్తుందిరా వాసిం," అని నాకు సుద్దులు. మా అక్క మహమూదా మొగుడు కాబట్టి విని ఊరుకుని నా ఆటో నేను తోలుకుంటాను.

ఈ వేసవిలో ఎవరో బరువైన సీసపు పెట్టె తెచ్చి బోణీ చేశారు. బావ దాన్ని పగలగొట్టి, సీసం కరిగించి, వలలకు కట్టే గుళ్లు పోశాడు. వాటిని రేపల్లె జాలరి శాలేమురాజు కొన్నాడు. పెట్టె మధ్యలో దొరికిన మెరుపు ముక్క, చిటికెన వేలంత, జేబులోకి వెళ్లింది.

తర్వాత బావకు అన్నం సయించలేదు. వేళ్ల మీద తోలు ఊడింది. ఏంటని అడిగితే సీసం చిందిందిలే అనేవాడు. ఇంట్లో పొదుగుతున్న కోడికి ఈకలు రాలాయి, గుడ్లన్నీ మురిగిపోయాయి. అక్క ఎండల్ని తిట్టిపోసింది.

ఓ రోజు టిఫిన్ దగ్గర నా ఫోన్‌కు అధికారుల ప్రకటన వచ్చింది. మూతపడ్డ ఆస్పత్రి నుంచి రేడియేషన్ యంత్రం తాలూకు సీసపు పెట్టె పోయిందట, ప్రాణాలకే ప్రమాదమట. ఫొటో చూడగానే బావ చేతిలో ఇడ్లీ జారిపోయింది.

"ఒరే, శాలేమురాజు! ఆ గుళ్లు పంటితో పట్టుకుంటాడురా!"

నిజమే. విసురువల వేసేవాళ్లు అంచున ఒక గుండును పళ్ల మధ్య పట్టి, వల తిప్పి విసిరేటప్పుడు వదులుతారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆటో తీశాను. దారి పొడుగునా "వాడి నోటికేం కాదు కదరా?" అని ఒకటే గోల. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముందు నీ మొహం అద్దంలో చూసుకో బావా! పీనుగులా ఉన్నావు."

రేపల్లె కాలవ గట్టున శాలేమురాజు వల ఎత్తి నిలబడ్డాడు. బావ వెళ్లి మీద పడ్డాడు.

"ఉమ్మెయ్యి! ముందు ఉమ్మెయ్యి!"

"ఏంటి బాజీ అన్నా, పిచ్చి పట్టిందా ఏంటి?"

బావ గుళ్లన్నీ కోసి సంచిలో వేశాడు. గట్టు మీదే వాంతి చేసుకున్నాడు. అయినా ఆగలేదు. శాలేమురాజునూ ఎక్కించుకుని, చెరుకుపల్లి మీదుగా బాపట్లలో అధికారుల దగ్గరికి పట్టుకుపోయాడు.

హరిత అనే అధికారిణి సంచిని ఆఫీసు వెనక్కి పంపి, దూరంగా రేడియేషన్ కొలిచే మీటరు పెట్టించింది. అది కిక్కురుమనలేదు. అదే మీటరు బావ వైపు తిప్పగానే చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"సీసం రేడియేషన్‌కు అడ్డు మాత్రమేనండి. గుళ్లకేం కాలేదు," అందామె.

"అయితే మా శాలేమురాజుకి?" అన్నాడు బావ.

"ఆయనకేం భయం లేదనే అనుకుంటున్నానండి. పెట్టె లోపలున్న ముక్క ఏదండి?"

బావ హమ్మయ్య అని నవ్వాడు. ఆ నవ్వుతోనే చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

"ముట్టుకోకండి! చొక్కా విప్పి అక్కడే పడేసి ఇటు పరిగెత్తండి!"

చొక్కా ఊడింది. జేబు కింద ఛాతీ ఎర్రగా ఉడికిపోయి ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం దానివైపు చూసుకోలేదు, నన్నే చూస్తున్నాడు.

"వాసిం, రాత్రిళ్లు ఈ చొక్కా ఇంట్లో ఆ మేకుకే కదరా తగిలించేది."

ఆ మేకు కిందే కోడి గంప. గంప పక్కన మా అక్క పరుపు.

అక్కకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"ఎక్కడ చచ్చార్రా ఇద్దరూ? నాకూ ఎండ తగిలినట్టుంది, పొద్దున్నుంచీ వాంతులు. వచ్చేటప్పుడు నిమ్మకాయలు పట్రండి."