కలలోంచి తీసిన ఫొటో

లేనిది ఉన్నట్టు చూపించడంలో నాకు కొంచెం పేరుంది. సెలవు దొరక్క అన్న పెళ్లికి రాని తమ్ముణ్ని గ్రూపు ఫొటోలో నిలబెడతాను. మబ్బు పట్టిన సాయంత్రానికి ఎండ పూస్తాను. "మీ చేతిలో ఏదో మహత్యం ఉందండీ" అని నల్లగండ్ల కాలనీ ఆంటీలు మెచ్చుకుంటే ఉబ్బితబ్బిబ్బయ్యేవాణ్ని.

మా అక్క బోరబండలో ఉంటుంది. బావ సాఫ్ట్‌వేర్ వాళ్లను రాత్రిళ్లు ఆఫీసులకు చేర్చే క్యాబ్ నడిపేవాడు. ఆయన గుండెపోటుతో పోయాక, అక్క అదే గల్లీలో బాల్కనీ ఉన్న ఇంకో ఇంట్లోకి కిరాయికి మారింది. బావ ఆ ఇల్లు చూడనేలేదు. అయినా కలలో అక్కడికే వస్తాడట. బాల్కనీలో కూర్చుని బత్తాయి ఒలుస్తూ డ్యూటీ ముచ్చట్లు చెబుతాడట. తొన తీసి అక్క చేతిలో పెడతాడట.

"పొద్దుగాల లేస్తే పోతుండురా," అంది అక్క ఒకరోజు చాయ్ పోస్తూ. "అందరికి చేస్తవ్ గద, మీ బావను గూడ గట్ల ఫొటోల కూసుండబెట్టరాదు? జర పోకుంట ఉంటడు."

అడగడమే ఆలస్యం. కెమెరా స్టాండు మీద పెట్టి, బావ లుంగీ కట్టుకుని, చేతిలో బత్తాయితో ఆ బాల్కనీలో నేనే కూర్చున్నాను. తర్వాత కంప్యూటర్లో నా తల తీసేసి, నా పెళ్లి ఆల్బంలో నవ్వుతున్న బావ ముఖం తెచ్చి అతికించాను. మెడ దగ్గర అతుకు కనబడకుండా, పొద్దుటెండ చెంప మీద పడేలా ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాను. ఫ్రేమ్ కట్టించి ఇస్తే అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపును కూడా నేను మెప్పు కిందే జమ కట్టుకున్నాను.

నెల తిరక్కముందే అక్క మణికొండలోని నా స్టూడియోకు వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి.

"మీ బావ కలలకు వస్తుండు గని, కదుల్తలేడు తమ్మీ."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు జేసిన ఫొటో లెక్కనే కూసుంటుండు. బత్తాయి చేతుల్నే ఉంటది, ఒలుస్తలేడు. పిలిస్తె పలుకుతలేడు. నవ్వుకుంట నా దిక్కే చూస్తుండు, అంతే."

"ఆ ఫొటో తీసి లోపట పెట్టక్క," అన్నాను. ఆ పనీ చేసిందట, బీరువాలో చీరల కింద పెట్టిందట. అయినా అట్లాగే వస్తున్నాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే నా సలహా. బావ పోయాక అక్కకు మిగిలినవి ఆ కలలు. సొంత తమ్ముణ్నై ఉండి, వాటిని నేనే పాడు చేశాను.

తిట్టినా బాగుండేది. "నువ్వు మంచిగనే చేసినవ్, నా నసీబే గిట్లుంది" అని నన్నే ఓదార్చింది. కంప్యూటర్లో ఆ ఫొటో తెరవమంది. చాలాసేపు చూసి, మెల్లగా అడిగింది.

"కండ్లు మూసుకున్నట్టు చెయ్యరాదురా? గట్ల రెప్ప కొట్టకుంట ఎంతసేపని చూస్తడు? పాపం, అలిసిపోతడు."

నాకది చిన్న పని, నిమిషంలో అయిపోతుంది. కానీ దవాఖానలో బావ కళ్లు మూసింది కూడా నేనే. మౌస్ మీద పెట్టిన చేయి తీసేశాను. రేపు చేస్తానన్నాను.

ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "పని ఎక్కువున్నదక్క," అంటాను. అది అబద్ధమేమీ కాదు. బావ ఫొటోను నా పనితనం చూడండంటూ నెట్‌లో పెట్టింది నేనే. పోయినవాళ్లను ఇలాగే కూర్చోబెట్టమని అడిగేవాళ్లు అప్పట్నుంచి వస్తూనే ఉన్నారు. నేను ఒక్కరినీ కాదనలేదు.