జాముల్ రోడ్డులో దిగిపోయిన గీత

దెయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లి టీ పెట్టుకునే మనిషిని నేను. భయమేసి కాదు, విసుగేసి. నా ఉద్యోగం కూడా అలాంటిదే. భిలాయి పక్కన జాముల్లో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. మీటరు తప్పు చూపిస్తోందంటే ఎక్కడో తీగ వదులై ఉంటుంది, లేకపోతే సెన్సర్ పోయి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. ఇన్నేళ్లలో వెతికి దొరకనిది ఒక్కటే. అది ఫ్యాక్టరీలో కాదు, నా సొంత కారులో.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రం అయి అప్పటికి కొన్నేళ్లే. భిలాయి రోడ్ల మీద పాత మధ్యప్రదేశ్ ఎంపీ నంబరు బళ్లు, కొత్త సీజీ నంబరు బళ్లు కలిసి తిరిగేవి. మా నాన్న విజయనగరం జిల్లా నుంచి ఇక్కడి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. సెక్టర్ 7లో నాన్న క్వార్టర్‌లోనే నేనూ, నా భార్య కుమారీ ఉండేవాళ్లం.

మా వెనక వీధిలో దానియేలు అంకుల్ ఉండేవారు. కాకినాడ వైపు మనిషి. ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నెస్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక ఆయనా, రూతమ్మ ఆంటీ కలిసి ఒక చిన్న డీజిల్ కారు కొనుక్కున్నారు. చిన్నదే గానీ టర్బో ఉన్న బండి. దాన్ని ఎంత బాగా చూసుకునేవారంటే, వర్షం పడి ఆగగానే అంకుల్ గుడ్డ పట్టుకుని బయటికి వచ్చేసేవారు.

ఆ ఏడు వానాకాలంలో ఆంటీ పోయారు. కిడ్నీ జబ్బు. కొన్నాళ్లకి అంకుల్ క్వార్టర్ వదిలేసి, భిలాయి-3 అనే పేటలో తమ్ముడి ఇంటి పక్కన చిన్న ఇల్లు తీసుకున్నారు. వెళ్లే ముందు కారు నాకే అమ్మేశారు.

"ఇందులో ఒక్కణ్ణే కూర్చోలేకపోతున్నాను బాబూ. నువ్వు తీసుకో" అన్నారు.

నాకూ బండి అవసరమే. కుమారి అప్పటికి గర్భిణి. మొదటిసారి కడుపు నిలవలేదు. అందుకని ఇంట్లో అందరం కాస్త భయంభయంగానే ఉండేవాళ్లం. అవసరమైతే క్షణంలో ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంటి ముందు ఒక కారు ఉండాలని నా ఆలోచన.

మా అక్క భర్త సూరి బావకి పవర్ హౌస్ అనే బజారు దగ్గర గ్యారేజీ ఉంది. ఆయనకి అప్పుడే కొత్త పిచ్చి పట్టుకుంది. కార్లలో ఇంజన్‌ని నడిపేది ఒక చిన్న కంప్యూటర్. ఎంత డీజిల్ పోయాలి, టర్బో ఎంత గాలి ఊదాలి అన్నదంతా అందులో ఉన్న ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. ల్యాప్‌టాప్ తగిలించి ఆ ప్రోగ్రామ్‌ని మార్చితే అదే ఇంజన్ ఇంకా బాగా లాగుతుంది. ఢిల్లీలో, పూణేలో కుర్రాళ్లు చేస్తున్నారని విన్నాడు. భిలాయిలో ముందు తనే మొదలుపెట్టాలని ఆశ.

దానికి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి. ఏది కొనాలో తేలలేదు. మూడు రకాలు తెచ్చి పెట్టుకున్నాడు, ట్రయల్‌వి. ఒకటి ఢిల్లీ డీలరు ఇచ్చింది, అందులో అన్నీ తయారుగా ఉంటాయి, ఎక్కించుకోవడమే. రెండోది మనమే అంకె అంకె చూసి మార్చుకునేది. మూడోది వైర్ల మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టి, దాన్ని ల్యాప్‌టాప్‌తో సరిచేసుకునేది. బావకి మొదటిది నచ్చింది. లోపల ఏముందో కనిపించాలి కదా, రెండోదే మంచిదని నేను. రోజూ ఇదే వాదన. చివరికి మూడూ నా కారు మీదే పరీక్షించి చూద్దామనుకున్నాం.

పద్ధతి సులువే. ఒకే రోడ్డు, ఒకే గేరు, ఇద్దరమే మనుషులం. నేను నడుపుతాను. బావ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ చూస్తాడు. స్పీడు ఎంత, టర్బో ఒత్తిడి ఎంత, యాక్సిలరేటర్ ఎంత నొక్కాను అన్నవి తెర మీద గీతలుగా పడతాయి. తర్వాత మూడింటి గీతలూ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఆదివారం ఎండపూట జాముల్ రోడ్డు ఖాళీగా ఉంటుందని దాన్నే ఎంచుకున్నాం. నేను రోజూ ఆ రోడ్డు మీదే డ్యూటీకి వెళ్లినా ఫ్యాక్టరీ బస్సులో వెళ్లేవాణ్ణి. ఈ కారు అటు తీసుకెళ్లడం అదే మొదలు.

ఢిల్లీ ప్రోగ్రామ్ ఎక్కించాం. బండి నిజంగానే కొత్త బలం వచ్చినట్టు లాగింది. బావ మొహం వెలిగిపోయింది. ఎడమ పక్క వరసగా చెట్లు వస్తాయి. ఆ చెట్లు అయిపోయి కాస్త ఖాళీ వచ్చే చోట బండి ఉన్నట్టుండి నీరసపడింది. కొన్ని క్షణాలంతే. మళ్లీ దానంతటదే అందుకుంది.

"ఏటిరా గిరీ, కాలు తీసేసినావేటి?" అన్నాడు బావ.

"లేదు బావా, నొక్కే ఉంచాను."

"మరి ఈ గీత ఏటి ఇలాగ దిగిపోనాది?"

తెర నా వైపు తిప్పాడు. యాక్సిలరేటర్ గీత ఆ చోట కిందికంటా దిగి ఉంది. నేను కాలు పూర్తిగా ఎత్తేశానని దాని అర్థం. నా బూటు పెడల్ మీదే ఉంది. వేళ్లు నొప్పెట్టేటంత నొక్కి ఉంచాను.

ఢిల్లీ వాడి ప్రోగ్రామే చెత్త అని తేల్చేశాను. లోపల కొంచెం సంతోషం కూడా, నా మాట నెగ్గిందని. ఆ తర్వాతి ఆదివారం రెండోది ఎక్కించి వెళ్లాం. అదే చోట, అలాగే నీరసపడింది. ఈసారి మా వెనక సిమెంటు ట్యాంకర్ ఒకటి వస్తోంది. మా స్పీడు ఒక్కసారిగా పడిపోవడంతో వాడు బ్రేకు తొక్కి, పక్కకి తిప్పి, మా అద్దానికి బెత్తెడు దూరంలోంచి దూసుకుపోయాడు. "మర్‌నా హై క్యా!" చావాలనుందా అని వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. బండి పక్కకి ఆపి, దిగి ఆ అద్దం చూసుకున్నాం.

మూడోది పెట్టి చూశాం. అదే. మూడూ తీసేసి కంపెనీ ఇచ్చిన పాత ప్రోగ్రామ్ పెట్టాం. అదే. బావ నడిపాడు, నేను వంగి ఆయన కాలే చూస్తూ కూర్చున్నాను. కాలు కదల్లేదు. గీత దిగింది. దుర్గ్ వైపు వెళ్తే ఏమీ లేదు. ఉతయి రోడ్డులో ఏమీ లేదు. జాముల్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు అదే చోట ఏమీ లేదు. వెళ్లేటప్పుడే.

ఇక నా పని నేను మొదలుపెట్టాను. పెడల్ కింద ఉండే సెన్సర్ రెండు తీగల మీద వేరువేరుగా సమాచారం పంపుతుంది. రెండూ ఒకటే చెప్పకపోతే డాష్‌బోర్డు మీద లైటు వెలగాలి. వెలగలేదు. రెండూ కలిసే దిగుతున్నాయి. పెడల్ మొత్తం కొత్తది వేయించాను. ఎర్త్ వైర్లన్నీ విప్పి, గీకి, మళ్లీ బిగించాను. ల్యాప్‌టాప్ పక్కన పెట్టేసి నా మీటరు నేరుగా తీగకే తగిలించాను. మీటరు ముల్లు కూడా అక్కడే దిగింది.

నన్ను ఇబ్బంది పెట్టింది అది దిగడం కాదు, దిగే తీరు. తీగ తెగితే గీత గోడలాగ నిట్టనిలువుగా పడుతుంది. ఇది అలా లేదు. మెల్లగా దిగేది, కాసేపు అక్కడే ఉండేది, మళ్లీ అంతే మెత్తగా పైకి ఎక్కేది. ఒక రాత్రి బావ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుని, అన్ని ప్రోగ్రాముల్లోనూ తీసిన గీతల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. ఆ పల్లం అన్నింటిలోనూ ఒకేలా ఉంది.

కుమారి నా వెనక నిలబడి తెర చూస్తోంది. ఆమెకి ఈ గీతల సంగతి తెలీదు. ఏ గీత ఏమిటో అడిగి తెలుసుకుంది.

"ఇది రిపేరు కాదండీ. ఎవరిదో అలవాటు" అంది.

"బండికి అలవాటేటి?"

"బండికి కాదు. దానియేలు అంకుల్‌ని అడగండి."

నాకు చిరాకేసింది. చదువుకున్నదానివి ఏటి మాటలివి అన్నాను. ఆమె నెమ్మదిగానే చెప్పింది. "నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లేది ఈ బండిలోనే కదా. వెనకాల లారీ వస్తుండగా ఇది ఇలాగే చేస్తే? మీ సెన్సర్లన్నీ అయిపోయాయి. అడిగితే ఏటి పోతుంది?"

మర్నాడు డ్యూటీ అయ్యాక భిలాయి-3 వెళ్లాను.

అంకుల్ బాగా చిక్కిపోయి ఉన్నారు. బండిలో చిన్న కంప్లైంట్ ఉంది, జాముల్ రోడ్డులో ఒకచోట దానంతటదే స్పీడు తగ్గుతోంది అని మాత్రమే చెప్పాను. ఎక్కడో చెప్పలేదు.

ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టారు. "చెట్లు అయిపోయి ఖాళీ వచ్చే చోటా?" అన్నారు.

అవునన్నాను.

అప్పుడు చెప్పారు. జాముల్లో తెలుగువాళ్ల ప్రార్థన కూటం ఉంది. ప్రతి ఆదివారం ఇద్దరూ ఆ కారులోనే వెళ్లేవారు. చెట్ల మధ్య ఆ ఖాళీలోంచి దూరంగా ప్లాంటు చిమ్నీలూ, ఫర్నెస్‌లూ కనిపిస్తాయి. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ ఆంటీ ఆయనకి క్యారేజీ కట్టి ఇచ్చారే తప్ప, ప్లాంటు గేటు లోపలికి ఒక్కసారీ వెళ్లలేదు.

"'మీరు అన్నేళ్లు ఎక్కడ కాలిపోయారో కాస్త చూడనివ్వండి, నెమ్మదిగా పోనివ్వండి' అనేది. ఆపమని ఎప్పుడూ అనలేదు. వెనకాల లారీలుంటాయని దానికి తెలుసు. నేను కాలు తీసేసేవాణ్ణి. అది చూసుకునేది. మళ్లీ తొక్కేవాణ్ణి. అంతే బాబూ."

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ కూర్చునే వైపు ప్లాంటు ఉండదు. అందుకని అడిగేది కాదట.

ఆంటీ పోయాక ఆయన ఆ ప్రార్థనకి వెళ్లడం మానేశారు. నేను లేచి వస్తుంటే, ఆదివారం పొద్దున్న తనని తీసుకెళ్లమని అడిగారు. తనే నడుపుతానన్నారు.

ఆదివారం ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని తయారుగా ఉన్నారు. నేను అలవాటుగా ముందు సీటు తలుపు తీశాను. "నువ్వు వెనక కూర్చో బాబూ, ఏమీ అనుకోకు" అన్నారు. సూరి బావా నేనూ వెనక కూర్చున్నాం. ల్యాప్‌టాప్ బావ ఒళ్లో ఉంది. నేను రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగి అంకుల్ కాలు చూస్తున్నాను. ఒకటి చెప్పాలి. ఆ రోజు బండిలో ఉన్నది కంపెనీ ప్రోగ్రామే. మేం ఏదీ మార్చలేదు.

చెట్లు మొదలయ్యాయి. చెట్లు అయిపోయే చోట అంకుల్ ఎడమ పక్క ఖాళీ సీటు వైపు ఒకసారి చూసి, కాలు ఎత్తేశారు. ఆయన చెప్పుకీ పెడల్‌కీ మధ్య సందు నాకు స్పష్టంగా కనిపించింది.

బండి నెమ్మదించలేదు.

ఇంజన్ చప్పుడు మారలేదు. స్పీడు ముల్లు కదల్లేదు. ఎడమ పక్క చిమ్నీలు కనిపించి, మెల్లగా వెనక్కి పోతున్నాయి. బావ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తెర మీద యాక్సిలరేటర్ గీత ఎక్కడుందో అక్కడే తిన్నగా సాగుతోంది, ఎవరో సమంగా నొక్కి పట్టుకున్నట్టు. అంకుల్ బ్రేకు తొక్కలేదు. కాలు అలాగే గాల్లో పట్టుకుని, ముందుకి చూస్తూ ఉండిపోయారు.

ఖాళీ దాటిపోయింది. అప్పుడు గీత దిగింది. బండి మామూలుగా నెమ్మదించింది. అంకుల్ కాలు మళ్లీ పెడల్ మీద పెట్టారు.

జాముల్లో ప్రార్థన జరిగే ఇంటి ముందు ఆపి, ఇంజన్ కట్టేశారు. తర్వాత వెనక్కి తిరగకుండానే అన్నారు.

"ఇంక చాలంటుంది బాబూ. పోనివ్వమంటుంది."

కళ్లు తుడుచుకుని దిగి లోపలికి వెళ్లారు. లోపల అప్పటికే పాట మొదలైంది. ఆయన్ని చూసి ఎవరో పెద్దగా పలకరించడం వినిపించింది. మేమిద్దరం బయట ఎండలో నిలబడ్డాం. "అరే యార్, నేను బళ్లు రిపేరు చేసుకునేవాణ్ణి రా. నాకేటి తెలుస్తాది ఇవన్నీ" అన్నాడు బావ.

ఆ తర్వాత ఆ రోడ్డులో ఎన్నోసార్లు వెళ్లాను. ఒక్కడినీ వెళ్లాను, కుమారితో వెళ్లాను. గీత మళ్లీ ఎప్పుడూ దిగలేదు. మా పాప పుట్టినప్పుడు ఆసుపత్రికి వెళ్లింది ఆ కారులోనే. బావ చివరికి రెండో సాఫ్ట్‌వేరే కొన్నాడు. అంకుల్ ప్రతి ఆదివారం తమ్ముడి స్కూటర్ మీద ప్రార్థనకి వెళ్లడం మొదలుపెట్టారు.

కారణాలు చాలామంది చెప్పారు. ఆ పక్కన హై టెన్షన్ తీగలున్నాయి, వాటి ప్రభావం అన్నాడు బావే ఒకసారి. అలాగైతే తిరుగు దారిలో ఎందుకు కాలేదో చెప్పలేకపోయాడు. మా ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరుకి ఆ ఆదివారం ఫైలు చూపించాను. రికార్డింగ్ పాడైంది, దీన్ని పట్టించుకోకు అన్నాడు. అయ్యుండొచ్చు. కానీ పాడైన ఫైలు బండిని ముందుకి తీసుకెళ్లదు కదా. ఆ బండిలో నేను కూర్చుని ఉన్నాను.

రూతమ్మ ఆంటీ వచ్చిందని నేను అనను. రాలేదని కూడా అనలేను. ఆయన కాలు గాల్లో ఉంది. బండి వెళుతూనే ఉంది. నేను చూసింది అంతవరకే.